వెనక సీటు మీద పెరుగు కుండ

ఒరేయ్ సత్తిబాబూ, కాస్త ఒద్దికగా కూర్చో. ఆ కుర్చీ కుయ్యిమంటోంది నీ బరువుకి కాదులే, పొద్దుట్నుంచీ నువ్వాడిన అబద్ధాలకి. నన్నెవడూ బురిడీ కొట్టించలేడు మావయ్యా అని నిన్న అరుగు మీద కోతలు కోశావు చూడు, అందుకే నిన్ను కూర్చోబెట్టాను. ముత్యాలరావూ అచ్చం నీలాగే అనుకునేవాడు. కాకపోతే వాడి చేతిలో పని ఉంది, నీకు అదీ లేదు. సరే, విను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి వేసవి. ఏలూరు కాలవ గట్టున భాస్కరరావుగారి మోటారు షెడ్డులో ముత్యాలరావు కారు సీట్లు బాగుచేసేవాడు. పుట్టింది కలిదిండి వైపు కొల్లేటి లంకలో. నాలుగో తరగతి దాకా చదివి, అయిదో తరగతి తనని చూసి భయపడిందని చెప్పుకుంటూ తండ్రితో కలిసి వలలు అల్లాడు. ఇరవయ్యో ఏట బెజవాడ వెళ్ళి ఒక ముసలి మేస్త్రీ దగ్గర సీటుపని నేర్చుకున్నాడు. వంకర సూది పట్టడం, కొబ్బరి పీచు చిక్కుతీసి పరవడం, గోనెపట్టా బిగలాగి మేకులు కొట్టడం, అన్నీ మేస్త్రీ చలవే. ఒక్కటి మాత్రం ఆయన నేర్పలేకపోయాడు. స్ప్రింగులని ఒకదానితో ఒకటి కట్టడానికి అందరూ వేసే ముడి ముత్యాలరావు వేళ్ళకి పట్టుబడలేదు. ఆ వేళ్ళకి వచ్చింది ఒకటే, వలముడి. మూట కట్టినా అదే, గేదెని కట్టినా అదే, స్ప్రింగు బిగించినా అదే. మేస్త్రీ రెండేళ్ళు తిట్టాడు. ఆ ముడి చచ్చినా జారదని చూసి ఊరుకున్నాడు.

పనిలో వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కల్లా అతని సరదాతోనే. క్రితం చలికాలం ఒక ప్లీడరుగారి కారు సీటు కుడుతూ, రబ్బరు బుడ్డి హారను ఒకటి పీచు మధ్య పెట్టి కుట్టేశాడు. ప్లీడరుగారు చువ్వలా ఉంటారు, ఆయన కూర్చుంటే ఏమీ వినపడలేదు. ఆయన బావమరిది నిండైన మనిషి. ఆయన కోర్టు గుమ్మం ముందు కారెక్కి కూర్చోగానే కింద నించి పోంయ్ అని ఒక కూత వచ్చింది. లేచి సర్దుకుని కూర్చుంటే ఇంకోటి. గుమాస్తాలూ, కక్షిదారులూ, చెట్టు కింద సోడాలమ్మే మనిషీ నవ్వలేక కూలబడ్డారు. ప్లీడరుగారు మళ్ళీ షెడ్డు మొహం చూడలేదు. ఆయన వెనకే మరో నాలుగు కార్లు బెజవాడ దారి పట్టాయి.

భాస్కరరావుగారు నెమ్మదస్తుడు. అరవకుండానే చెప్పాడు.

"ముత్యాలూ, నీ పనికి దణ్ణం పెడతాను. నీ వేషాలకి పెట్టలేను. ఇంకొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఇలాంటిది నా చెవిన పడిందా, నువ్వూ నీ వంకర సూదీ కొల్లేరు వెళ్ళిపోదురుగాని."

"అలాగేనండి."

"నవ్వకు."

"నవ్వట్లేదండి. నా మొహమే అంతండి."

నవ్వుతూనే అన్నాడు గాని లోపల గుబులుగానే ఉంది. కొల్లేరు వెళ్ళడమంటే అన్నగారి పడవలో కూర్చుని, చేపలకన్నా ఎక్కువగా ఆయన తిట్లు పట్టుకోవడం. అదీకాక ఇద్దరు ఆడపిల్లల్నీ ఏలూరు బళ్ళో వేశాడు. పెద్దదప్పుడే తండ్రి దాటలేని అయిదో తరగతి దాటేసింది.

అలాంటి రోజుల్లో తాడేపల్లిగూడెం నించి నాగభూషణంగారి కారు వచ్చింది. ఆయనకి గూడెంలో పెద్ద బెల్లం కొట్టు. కారు యుద్ధానికి ముందుది, నల్లటి పెట్టెలా ఉంటుంది. ఇంజను బాగానే ఉంది. వెనక సీటే ముసలిదైపోయింది. ముందు సీట్లో ఆయన తల్లి రత్నాంబగారు కూర్చుని ఉంది. డెబ్బయ్యేళ్ళ మనిషి, సన్నటి గొంతు, చూపు మాత్రం త్రాసు ముల్లులా ఉంటుంది.

"ఏవండీ, మా అమ్మ ఈ వెనక సీటు ఎక్కనని ఒట్టు పెట్టుకుందండి," అన్నాడు నాగభూషణం. "క్రితం ఏడు ఒక పెళ్ళివారింటి ముందు దిగుతుంటే స్ప్రింగు పైకొచ్చి చీర పట్టుకుందండి. వెంకటగిరి చీర. భజంత్రీలు వాయించడం ఆపేసి చూశారండి."

"అది నన్ను దిగనివ్వలేదు," అంది రత్నాంబ. "నేను దాన్ని ఎక్కను."

ముందు సీట్లో ఇరుకు, ఆవిడ మోకాళ్ళు ముడుచుకుని ఎంతో దూరం పోలేదు. పదిహేను రోజుల్లో ఆకివీడులో ఆవిడ కూతురు శ్యామలాదేవి పిల్లకి బారసాల. అది కాగానే వరసగా బంధువుల ఇళ్ళలో శుభకార్యాలు. తల్లి ఎక్కకపోతే కారుండి ఏం లాభమని నాగభూషణం బాధ.

ముత్యాలరావు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "అమ్మగారూ, మీరేం బెంగ పెట్టుకోకండి. ఉయ్యాల్లో పసిబిడ్డలా ఉంటుందండి. నిండు గిన్నె పెట్టినా తొణకదండి."

"నీ మాటలు మెత్తగానే ఉన్నాయి. సీటు అలా ఉంటుందని నాకేంటి నమ్మకం?"

"పెట్టి చూసుకోండమ్మా."

నోరు జారిందని అతనికి అప్పుడు తెలియలేదు. రత్నాంబ ఆ మాట పట్టుకుంది.

"సరే అయితే. పాలు తోడుపెట్టి ఆ కుండ నా చోట్లో పెడతాను. ఏలూరు నించి ఆకివీడు వెళదాం. కదిపితే పెరుగు తోడుకోదని చంటిపిల్లకి కూడా తెలుసు. చేరేసరికి గడ్డ కట్టిందా, తిరుగు ప్రయాణం నేను వెనక సీట్లోనే. నీళ్ళూ ముక్కలూ అయిందా, నేను రైలెక్కి పోతాను. ఒరే నాగభూషణం, అప్పుడు ఈ కారుని పాత ఇనప సామాన్లవాడికి తోలెయ్యి."

షెడ్డులో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

వాళ్ళు వెళ్ళాక భాస్కరరావుగారు ముత్యాలరావుని పక్కకి పిలిచాడు. "గూడెంలో వర్తకులవి ఏడు కార్లున్నాయి ముత్యాలూ. ఆవిడ ఊఁ అంటే ఏడూ మన దగ్గరికొస్తాయి. ఊహూఁ అంటే నిన్ను ఉంచుకోడం నావల్ల కాదు. ఇంకో మాట. ఇందులో వేషాలొద్దు."

"ఒట్టండి," అన్నాడు ముత్యాలరావు, తన నెత్తి మీద కాకుండా పక్కనున్న టైరు మీద చెయ్యి వేసి.

సీటు విప్పితే లోపల ఒక సంసారమే ఉంది. పిల్లల గిలక, రెండు జడపిన్నులు, ఎండి రాయైపోయిన బెల్లం ముక్క, దాని చుట్టూ తరతరాలుగా కాపురముంటున్న చీమలు. ఇరవైరెండు స్ప్రింగుల్లో అయిదు విరిగాయి. మిగతావి నడుం వంగిన ముసలాళ్ళలా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. పాత పీచు పొడైపోయింది. ఆ కారుకి కొత్త స్ప్రింగులు ఏలూరులో దొరకలేదు, బెజవాడలోనూ దొరకలేదు. మూలపడ్డ లారీ సీటులోంచి అయిదు తీసి, ఎత్తు సరిపోయేదాకా వంచి కూర్చోబెట్టాడు. వంగినవాటిని తలకిందులు చేసి నిలబెట్టాడు. లంక నించి వలల దారం తెప్పించి, తంగేడు చెక్క కషాయంలో ఉడకబెట్టాడు. నీళ్ళలో ఏడాది నానినా కుళ్ళని దారం అది. దానితో ఒక్కో స్ప్రింగునీ ఎనిమిది వైపులా లాగి కట్టాడు. ముడికి ముడికీ తండ్రి గుర్తొచ్చాడు. పైన గోనెపట్టా, దాని మీద కొత్త పీచు రెండు వరసలు, ఆపైన బూరుగు దూది, అన్నిటి మీదా ముదురెరుపు రెక్సిను. పదో రోజు మధ్యాహ్నం పరీక్షగా ఉంటుందని దాని మీద పడుకుంటే, సాయంత్రం ఎవరో తట్టి లేపాల్సి వచ్చింది.

మనిషి సంగతి సరే. భయమల్లా పెరుగుతోనే. మనిషి గతుకొస్తే సర్దుకు కూర్చుంటాడు, పెరుగు సర్దుకోదు కదా. ఆకివీడు రోడ్డు అతనికి అరచేతిలో గీతల్లా తెలుసు. వానాకాలంలో లారీలు దిగబడ్డ గోతులన్నీ ఎండకి గట్టిపడి అలాగే ఉంటాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతకాలం వేషం వెయ్యకుండా ఏ పందెం గెలిచానా అని లెక్కపెట్టుకుంటే ఒక్కటీ తగల్లేదు.

మర్నాడే అదృష్టం ఎదురొచ్చినట్టయింది. షెడ్డు వీధిలో పాలుపోసే సత్యవేణి గేదె ఈనింది.

"జున్నుపాలు నాకే కావాలి సత్యవేణమ్మా. మొత్తం."

"మొత్తమేంటయ్యా? ఎదురింటి పెద్దింటాళ్ళు కూడా అడిగారు. గూడెం నించి వాళ్ళ అక్కగారు వచ్చారంట."

"వాళ్ళకి రేపటివి పొయ్యి. ఇవాళ్టివి నాకు. బాగా గడ్డకట్టాలి."

కుమ్మరి దగ్గర కొత్త కుండ తెమ్మని రత్నాంబగారు అప్పటికే కబురు పెట్టింది. ముత్యాలరావు ఒకటి కాదు, జత తెచ్చాడు. ఒకటి ఆమెకి పంపి రెండోది ఇంటికి పట్టుకెళ్ళాడు. జున్నుపాలు అందులో పోసి ఆవిరి మీద ఉడికించమని భార్య నూకరత్నానికి చెప్పాడు. "బెల్లం వెయ్యకు. మిరియాలూ వద్దు. తెల్లగా పెరుగులా ఉండాలి."

"బెల్లం లేని జున్ను ఎవరు తింటారు మావా?"

"తినడానిక్కాదే, చూడ్డానికి."

"చూడ్డానికి జున్నెందుకు? నా మొహం ఉందిగా."

"నీ మొహం ఆకివీడు దాకా కదలకుండా ఉండదే."

అతని ఎత్తు సులువైనది. జున్ను ఎంత కుదిపినా విరగదు. చేరాక ఆవిడ మూతి గుడ్డ విప్పి చూస్తుంది, గడ్డ కనపడుతుంది. రుచి చూసేలోపు కాలు తగిలినట్టు కుండని పడేస్తే సరి.

మర్నాడే ప్రయాణం. పొద్దున్నే రత్నాంబ ఏలూరులోనే ఉన్న చెల్లెలి ఇంటి నించి పాలు తెచ్చుకుంది. షెడ్డులో అందరూ చూస్తుండగా గోరువెచ్చటి పాలు కొత్త కుండలో పోసింది. గరిటెడు పెరుగు కలిపి, మూతికి తెల్లగుడ్డ వేసి, దారంతో చుట్టి మామూలుగా ముడేసింది.

"వర్జ్యం ఇంకా పావుగంట ఉంది. పోయాక బయల్దేరదాం," అంది.

అందరూ కాలవ గట్టు మీదికి కాఫీ తాగడానికి వెళ్ళారు. ముత్యాలరావు సీటు తుడిచొస్తానని లోపలికి దూరాడు. పాల కుండని పీచు కుప్పలో దాచాడు. జున్ను కుండకీ అలాంటి గుడ్డే కట్టి, అదే చోట పెట్టి, మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు. అంతా కలిపి ఒక బీడీ కాల్చినంత సేపు పట్టలేదు.

వర్జ్యం వెళ్ళింది. కుండ తెస్తానని అతను లేవబోతే రత్నాంబ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వుండు నాయనా. నా చేత్తో తోడుపెట్టాను, నా చేత్తోనే ఎక్కిస్తాను."

ఆమె తన తాటాకు బుట్ట పట్టుకుని లోపలికి వెళ్ళింది. ముసలి మనిషి కదా, రావడం కాస్త ఆలస్యమైంది. వచ్చేటప్పటికి కుండకి మెడదాకా, మూతి మీదుగా కూడా తడి తువాలు చుట్టి ఉంది. ఎండకి పులవకుండానట. దాన్ని వెనక సీట్లో తన చోట దిగబెట్టి, ముత్యాలరావుని రెండో చివర కూర్చోమంది.

"చేతులు మోకాళ్ళ మీద పెట్టుకో. కుండని ముట్టుకున్నావా, పందెం పోయినట్టే."

"అబ్బే, దానివైపు చూడనైనా చూడనండి."

బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆమె ఈ ఒక్కసారికి ముందు సీట్లో ఒదిగింది. నాగభూషణం స్టీరింగు పట్టుకున్నాడు. భాస్కరరావుగారు కిటికీలోంచి ముత్యాలరావుని చూసిన చూపులో ఏడు కార్లూ కనిపించాయి.

ఊరు దాటాక నాగభూషణం కారుని పెళ్ళికూతురి పల్లకీలా నడపసాగాడు. ఎడ్లబండి ఒకటి వాళ్ళని దాటిపోయింది. ముత్యాలరావుకి ఏ చింతా లేదు. జున్ను కదా.

"బాబుగారూ, ఇంకాస్త జోరుగా పోనివ్వండి. ఇలా పోతే పెరుగు మజ్జిగై, మజ్జిగ పులుసైపోద్దండి."

"గోతులున్నాయయ్యా."

"ఉండనివ్వండి. గోతులు లేకపోతే సీటు గొప్పతనం ఎలా తెలుస్తాదండి? అదుగో, ఆ తూము మీద కాస్త గట్టిగా పోనివ్వండి."

నాగభూషణం తల్లి వైపు చూశాడు. "ఆయన చెప్పినట్టే పోనీ రా," అంది ఆమె, తల తిప్పకుండా. కారు తూము ఎక్కి దిగింది. ముత్యాలరావు టోపీ పైకప్పుకి తగిలి ఒళ్ళో పడింది. కుండ బొటనవేలంత లేచి, మళ్ళీ తన గూట్లో తాను కూర్చుంది.

"ఏమయ్యా, కుండ ఎలా ఉంది?"

"మహారాణీగారిలా కూర్చుందండి."

కొల్లేటి గాలి తగిలేసరికి అతనికి ఇంకా హుషారు వచ్చింది. నీళ్ళు తగ్గిన చోట బాతుల మంద ఒకటి బురద చిమ్ముకుంటూ పోతోంది. ప్రతి గతుకూ ముందే చెప్పి మరీ నాగభూషణాన్ని అందులోకి దించాడు. దారిలో ఒకచోట రేడియేటరుకి నీళ్ళు పోశారు. కాలవ దగ్గర బల్లకట్టు అవతలి ఒడ్డున ఉంటే గంటసేపు కాచుకున్నారు. బల్లకట్టు ఎక్కేటప్పుడు కారు చెక్కల మీద దడదడలాడింది. కళ్ళు మూసుకున్నది నాగభూషణం ఒక్కడే.

పన్నెండు దాటాక ఆకివీడు చేరారు. శ్యామలాదేవీ, ఆమె అత్తగారూ, ఇరుగుపొరుగూ అరుగు మీదికి వచ్చేశారు. పెరుగు పందెం సంగతి ఉత్తరంలో ముందే వచ్చిందట. రత్నాంబ కుండని తనే దింపి, అరుగు మీద పెట్టి, తడి తువాలు విప్పింది.

ముత్యాలరావు కాలు అప్పటికే సిద్ధంగా ఉంది. కుండ మూతి చూసి ఆ కాలు అక్కడే ఆగిపోయింది.

దారం ముడి తనది కాదు. మామూలు ముడి, ఆడవాళ్ళు వంటింట్లో వేసేది. అంటే ఇది పీచు కుప్పలో ఉండాల్సిన కుండ. పాల కుండ. అయిదు గంటలపాటు తను నోరారా ప్రతి గోతిలోనూ దింపించిన కుండ. చెవుల్లో అన్నగారి తిట్లు అప్పుడే మొదలయ్యాయి. చెమట మీసం మీదినించి కారింది.

"అమ్మగారూ," అన్నాడు.

"ఉండవయ్యా."

ఆమె ముడి విప్పింది. గుడ్డ తీసింది. అందరూ వంగారు. ముత్యాలరావు ఒక్కడూ వంగలేదు. ఆమె కుండని రెండు చేతులా ఎత్తి, నెమ్మదిగా తలకిందులు చేసింది. అరుగు మీద ఒక్క చుక్క పడలేదు.

"కత్తి పెట్టి కోయాలమ్మా," అంది శ్యామలాదేవి అత్తగారు.

నాగభూషణం తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, పొరపాటున కారుకి పెట్టాడు. ఆమె వేలితో కాస్త పెరుగు తీసి నోట్లో వేసుకుంది. "తియ్యగా తోడుకుంది. తిరుగు ప్రయాణం వెనక సీట్లోనే రా. గూడెంలో మనవాళ్ళ ఏడు కార్లూ వరసగా ఏలూరు పంపించు."

ముత్యాలరావు అరుగు అంచున కూలబడ్డాడు. పందెం గెలిచాడు. ఎలా గెలిచాడో మాత్రం బుర్రకెక్కలేదు.

అందరూ తలా కాస్త పెరుగు వేయించుకుని లోపలికి వెళ్ళాక రత్నాంబ అతని పక్కన అరిటాకు వేసింది. అన్నం పెట్టి, కుండలోని పెరుగు గడ్డ ఒకటి కోసి వేసింది. తర్వాత తాటాకు బుట్ట దగ్గరికి లాక్కుని, అందులోంచి రెండో కుండ తీసింది. దాని మూతికి వలముడి ఉంది.

"మా చెల్లెలు మనవలకి జున్ను చేద్దామని సత్యవేణి దగ్గరికి పంపాను. షెడ్డులో ముత్యాలరావుగారు మొత్తం పట్టుకెళ్ళారు, గడ్డకట్టాలని మరీ మరీ చెప్పారు అంది. ఎందుకా అనుకున్నాను. పొద్దున లోపలికి వెళ్ళి చూద్దును కదా, నేను వేసిన ముడి వలముడైపోయింది. కుండ మూతికి వలముడి వేసేవాడు ఏలూరు మొత్తానికి ఎంతమంది ఉంటారయ్యా?"

అతను ఆకులో అన్నం వేలితో కెలికాడు.

"పీచు కుప్పలో వెచ్చగా తగిలింది నా కుండ. మళ్ళీ మార్చేశాను."

"అమ్మగారూ, భాస్కరరావుగారికి..."

"చెప్పనులే. నీ సీటుని నేను ముందు నమ్మలేదు, అది నా తప్పు. నాగభూషణం నమ్మాడు. పెరుగు నమ్మింది. చేసినవాడివి నువ్వొక్కడివే నమ్మలేదు." ఆమె వలముడి విప్పబోయి, గోళ్ళు నొప్పెట్టి, కత్తితో దారం కోసేసింది. జున్ను ముక్క ఒకటి ఆకులో వేసి, కొంగు మూట విప్పి పక్కనే పిడికెడు బెల్లం పెట్టింది.

"తిను. గూడెం బెల్లం. ఈసారి నన్ను మోసం చేద్దామనుకున్నప్పుడు ముందే ఒక కార్డు ముక్క రాయి నాయనా, కొట్లోంచి పంపిస్తాను. బెల్లం వర్తకుడి తల్లికి ఎవరైనా చప్పటి జున్ను పెడతారా?"